వేషం కట్టిన అభిమానం.. కాస్‌ప్లే

శ్రీరాంపూర్: నిజాం పాలనను ఎదిరించి 1940లో జోడేఘాట్ అడవుల్లో అమరుడైన కుమురం భీమ్ పేరు పెట్టుకున్న పాత్రను 2024 జనవరిలో జపాన్ రంగస్థలంపై ఒక నటి పోషించారు. అందరూ స్త్రీలే నటించే తకరజుకా నాటక సంస్థ 'ఆర్ఆర్ఆర్' సినిమాను భీమ్ వైపు నుంచి కథ నడుపుతూ సంగీత నాటకంగా ప్రదర్శించగా, రెయి మకోతో భీమ్ వేషం కట్టారు. అంతకు ముందే 'బాహుబలి' ఆడిన జపాన్ థియేటర్లకు అభిమానులు చీరలు కట్టుకుని, గాజులు తొడుక్కుని, పాత్రల వేషాల్లో వచ్చారు. కేకలు వేస్తూ చూడదలచిన వారి కోసం అక్కడ ప్రత్యేకంగా ఆటలు వేశారు.

మన సినిమాల్లోని పాత్రల వేషాలు వారు కడుతుండగా, వారి బొమ్మల కథల్లోని నరుటో, లూఫీ వేషాలను మన పిల్లలు కడుతున్నారు. దీనినే కాస్‌ప్లే అంటారు. హైదరాబాద్‌లో జరిగే కామిక్ కాన్‌కు వేషం వేసుకుని వెళ్తామని అడిగే పిల్లలు బొగ్గుగనుల కాలనీల్లోనూ ఉన్నారు. 'ఇదేం పిచ్చి, చదువు మాని వేషాలా' అని కసురుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. 'వేషాలు వేయడం' అన్న మాటకు మన వాడుకలో ఉన్న చెడ్డ అర్థం కూడా ఇందుకు కొంత కారణం. అసలు కాస్‌ప్లే అంటే ఏమిటో తెలిస్తే ఇంట్లో మాట తీరు మారవచ్చు.

పేరు జపాన్‌ది, పుట్టుక అమెరికాది

'కాస్ట్యూమ్', 'ప్లే' అనే రెండు ఆంగ్ల పదాలను కత్తిరించి కలిపిన మాట కాస్‌ప్లే. అమెరికాలో సైన్స్ కథల అభిమానులు వేషాలతో జరుపుకునే వేడుకలను గురించి రాస్తూ, 1980లలో నొబుయుకి తకహాషి అనే జపాన్ రచయిత ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. అప్పటికి జపాన్ భాషలో ఉన్న మాట దొరల విందులను తలపిస్తున్నదని ఆయన కొత్తది కల్పించారు.

ఆచారం మాత్రం అంతకంటే పాతది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్ కాలపు మనుషుల్లా దుస్తులు ధరించి వచ్చారు. పేరు ఎక్కువగా ఆకర్‌మన్‌కు దక్కింది గాని, ఆ దుస్తులను రూపొందించి కుట్టినది డగ్లస్. మరుసటి ఏడాది షికాగో సమావేశానికల్లా వేషాల పోటీ మొదలైంది. జపాన్‌లో 1975లో టోక్యోలో ఆరంభమైన కామికెట్ అనే అభిమానుల సంత దీనికి నెలవైంది. 2003 నుంచి నగోయా నగరంలో ప్రపంచ కాస్‌ప్లే సమ్మిట్ జరుగుతున్నది.

మోగ్లీ నుంచి తెలుగు డబ్బింగ్ దాకా

జపాన్‌లో తయారయ్యే కదిలే బొమ్మల చిత్రాలను యానిమే అనీ, అచ్చులో వచ్చే బొమ్మల కథలను మాంగా అనీ అంటారు. ఇవి మనకు నిన్న మొన్న వచ్చినవి కావు. 1990లలో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో వచ్చిన 'జంగిల్ బుక్'ను ఈ వ్యాసకర్త వయసు వారెవరూ మరిచిపోరు. ఆ మోగ్లీ బొమ్మ జపాన్ వారు గీసిందే. యుగో సాకో, మన దేశపు రామ్ మోహన్ తదితరులు కలిసి 1992లో రూపొందించిన రామాయణ చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' కూడా తెలుగులో విడుదలైంది. హిందీలోనో ఇంగ్లిష్‌లోనో అర్థం చేసుకోవలసిన అవసరం తప్పాక, ఈ కథలు నగరం దాటి మన పట్టణాలకూ వచ్చాయి.

మన దేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై, 2013లో హైదరాబాద్ మాదాపూర్‌లోని హైటెక్స్‌కు చేరింది. పుస్తకాల దుకాణాలు, చిత్రకారుల బల్లలు, ఆటల పందిళ్లు ఎన్ని ఉన్నా జనం చుట్టూ మూగేది వేషధారుల దగ్గరే. కామిక్ పుస్తకాలు, యానిమే, వీడియో గేములు, సైన్స్ కథలు అంటూ విభాగాల వారీగా పోటీలు జరుగుతాయి. దేశస్థాయి పోటీలో గెలిచిన వారికి షికాగోలో జరిగే అంతర్జాతీయ పోటీలో దేశం తరఫున పాల్గొనే అవకాశం దక్కుతూ వచ్చింది.

కుట్టడంలోనే ఉంది

కాస్‌ప్లేలో సగం కన్నా ఎక్కువ పని వేదిక ఎక్కక ముందే జరుగుతుంది. పాత్ర బొమ్మను ముందు, వెనుక, పక్కల నుంచి పరిశీలించి, ఏ గుడ్డ, ఏ రంగు, ఏ కుట్టు అన్నది రాసుకుంటారు. జుట్టు కోసం విగ్గు కొని, కత్తిరించి, జిగురుతో నిలబెడతారు. కవచాలు, కత్తులకు వాడేది పిల్లల ఆట చాపల్లో కనిపించే మెత్తని ఫోమ్ షీటు. కాగితంపై నమూనా గీసి, దాని ప్రకారం బ్లేడుతో కోసి, వేడి గాలి కొట్టే యంత్రంతో కాచి వంచితే చల్లారాక ఆ వంపు నిలుస్తుంది. వేడి తగలడంతో ఫోమ్ పైపొర కూడా బిగుసుకుంటుంది. ఆ తరువాత జిగురు పూతలు వేసి ఆరబెట్టాలి. ఈ పూత లేకుండా రంగు వేస్తే ఫోమ్ పీల్చుకుంటుంది. పైన వెండి రంగు వేసి, అంచుల్లో నల్లరంగు పట్టించి తుడిస్తే పాత ఇనుములా కనిపిస్తుంది. జిగురు, వేడి ఫోమ్ వాసనలు మంచివి కావు గనుక ఈ పని గదిలో కాక వరండాలో చేసుకోవడం మేలు.

నిర్మల్ బొమ్మల తయారీ చూసిన వారికి ఇదంతా కొత్తగా అనిపించదు. అక్కడ తేలికైన పొనికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, పైన పూత పూసి రంగులద్దుతారు. పదార్థాలు వేరు, పని వరస మాత్రం చాలా వరకు అదే.

అన్ని వేషాలకూ ఇంత శ్రమ అక్కరలేదు. 'వన్ పీస్' కథానాయకుడు లూఫీకి గడ్డి టోపీ, ఎర్ర చొక్కా, నీలం నిక్కరు, చెప్పులు చాలు. ఇవి మంచిర్యాల బజారులోనే దొరుకుతాయి. 'డీమన్ స్లేయర్'లోని తాంజిరోకు నలుపు, ఆకుపచ్చ గళ్ల పైవస్త్రం కావాలి. అలవాటు లేని కోతే అయినా మన దర్జీలకు బొమ్మ చూపితే కుట్టలేనిది కాదు. ఇంటర్నెట్‌లో రెడీమేడ్ వేషాలు అమ్ముతారు, వాటిని కొనుక్కోవడం తప్పేమీ కాదు. అయితే పెద్ద పోటీల్లో ఎక్కువ భాగం సొంత చేతులతో చేసి ఉండాలన్న నియమం మామూలు. ఇంట్లో డబ్బు అడగడానికి ముందు సూది, దారం పట్టడం నేర్చుకున్న పిల్లలకు మాట చెల్లే అవకాశం ఎక్కువ.

మన వేషాలు, ఈ వేషాలు

ఇంటింటికీ తిరిగే పగటి వేషగాళ్లు ఉత్తర తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. ఒకే మనిషి ఒక పక్క శివుడిగా, మరో పక్క పార్వతిగా కనిపించే అర్ధనారీశ్వర వేషం వారి పనితనానికి గీటురాయి. చిందు యక్షగానంలో స్త్రీ పాత్రలనూ పురుష పాత్రలనూ మెప్పించిన నిజామాబాద్ జిల్లా కళాకారిణి చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూశారు. అమ్మాయిలు మగ పాత్రలను, అబ్బాయిలు ఆడ పాత్రలను ధరించడాన్ని కాస్‌ప్లేలో ప్రత్యేకంగా 'క్రాస్‌ప్లే' అంటుంటే మన చిందు మేళాలకు నవ్వు రావచ్చు. పాఠశాల వార్షికోత్సవంలో గద పట్టుకుని దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేసిన ప్రతి ఒక్కరూ ఒక విధంగా కాస్‌ప్లే చేసిన వారే. వేదికపై నడక, చూపు, మాట అన్నీ పాత్రవే కావాలన్నది రెండింటికీ ఒకే సూత్రం.

తేడా ఎక్కడంటే, పగటి వేషం బతుకుదెరువు, కాస్‌ప్లే సరదా. ఒకరికి చూసేవారు కరువై వేషం పెట్టెలోకి వెళ్తుండగా, మరొకరు టికెట్ కొని మరీ వేషంతో లోపలికి వెళ్తున్నారు. ఇది పిల్లల తప్పు కాదు గాని, గమనించవలసిన సంగతి.

గుస్సాడీని మాత్రం ఈ వరుసలో చేర్చకూడదు. దీపావళి వేళ నెమలి ఈకల టోపీ ధరించే గోండు బిడ్డకు అది దీక్ష, దైవకార్యం. ఆ నృత్యానికి 2021లో పద్మశ్రీ తెచ్చి, 2024లో మరణించిన మర్లవాయి కనకరాజు నిష్ఠ ఎలాంటిదో ఆదిలాబాద్ ప్రాంతం వారికి తెలుసు. పోటీ కోసం ఆ టోపీ పెట్టుకోకపోవడమే మర్యాద.

వెళ్లే వారు తెలుసుకోవలసినవి

వేషంలో ఉన్నంత మాత్రాన ఎవరినైనా తాకవచ్చు, ఫొటో తీయవచ్చు అనుకోరాదు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో 'కాస్‌ప్లే అంటే సమ్మతి కాదు' అని బోర్డులు పెట్టారు. అడిగి, ఒప్పుకున్న తరువాతే ఫొటో తీయడం ఇప్పుడు అభిమానుల మధ్య పాటించవలసిన మొదటి మర్యాద. ఆడపిల్లలను పంపడానికి జంకే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. వీలైతే తామూ వెంట వెళ్లాలి.

లోహపు కత్తులు, పదునైన వస్తువులు, నిజమైన ఆయుధాలు లోపలికి రానివ్వరు. కంటి రంగు మార్చే లెన్సులను కంటి వైద్యుని సలహా లేకుండా పెట్టుకోవడం ప్రమాదకరం. ఒకరి లెన్సులు మరొకరు పెట్టుకోవడం మరీ చెడ్డది. ఫోమ్ కవచంలో గాలి ఆడదు గనుక నీరు దగ్గర ఉంచుకోవాలి.

హైదరాబాద్ దాకా వెళ్లలేని వారికి వేదికలు లేకపోలేదు. ఏటా డిసెంబర్ 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం సందర్భంగా గనుల ప్రాంతాల్లో స్టాళ్లు, సాంస్కృతిక కార్యక్రమాలు జరుగుతాయి. బడుల్లో విచిత్ర వేషధారణ పోటీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అల్లూరి, ఝాన్సీరాణిల పక్కన ఒక నరుటో నిలబడితే వచ్చే నష్టం లేదు.

వెళ్లగలిగిన వారు మంచిర్యాలలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, లింగంపల్లి వైపు వెళ్లే ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ స్టేషన్‌కు చేరితే అక్కడి నుంచి హైటెక్స్‌కు ఆటో దూరమే. వేషాన్ని ఇంటి దగ్గరే వేసుకోకుండా సంచిలో సర్దుకోవాలి. పొడవాటి కత్తులు, రెక్కలను ముందే రెండు మూడు ముక్కలుగా విడదీసేలా చేసుకుని, జిగురు సీసా ఒకటి, సూది దారం వెంట ఉంచుకోవాలి. మంచిర్యాలలో రైలు ఆగేది కొద్దిసేపే, ఆరడుగుల ఫోమ్ రెక్క జనరల్ బోగీ తలుపులో పట్టదు.