ప్రస్తారము – ద్విసంఖ్యామానము

పదవీ విరమణానంతరం కంప్యూటరు ప్రాథమిక శిక్షణలో చేరిన నాకు, అక్కడ చెప్పిన పాఠాలన్నిటిలో నిజంగా మనసుకు పట్టినది ఒక్కటే. అది ద్విసంఖ్యామానం. మౌసు పట్టుకోవడం, ఫైళ్లు దాచుకోవడం అభ్యాసంతో అబ్బే విద్యలు. వాటిని గురించి రాయవలసినది పెద్దగా లేదు. కాని సున్న, ఒకటి అనే రెండే అంకెలతో ఏ సంఖ్యనైనా రాయవచ్చునని అధ్యాపకుడు బల్ల మీద రాసి చూపినప్పుడు, తక్కిన విద్యార్థులకు కొత్తగా తోచినది నాకు మాత్రం పాత చుట్టం వలె కనిపించింది. మన తెలుగు ఛందోగ్రంథాలలో లఘువుకు గుర్తు నిలువు గీత, గురువుకు గుర్తు గిన్నె వంటి వంపు గీత. గిన్నెకు మూత పెడితే సున్న!

గుర్తుల పోలిక యాదృచ్ఛికమే, దానిని పక్కన పెడదాం. లెక్క పోలిక యాదృచ్ఛికం కాదు. పింగళుని ఛందస్సూత్రాలలో ఎనిమిదవ అధ్యాయం చివరి భాగం ఇందుకు సంబంధించినది. పింగళుడు క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటివాడని పలువురి అభిప్రాయం. ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము మొదలైన ప్రత్యయాలకు అక్కడే మూలం. మూడక్షరాలకు ప్రస్తారం వేస్తే మ, య, ర, స, త, జ, భ, న అనే ఎనిమిది గణాలు ఆ వరుసలోనే వస్తాయి. బడిలో గణాలు కంఠస్థం చేసిన వారందరికీ ఎనిమిదని తెలుసు. ఎనిమిదే ఎందుకో చెప్పగలవారు తక్కువ. పదవ తరగతి ప్రశ్నపత్రానికి గణవిభజన చాలు, ప్రస్తారం అక్కరలేదు.

నష్టమంటే పోయినదానిని రాబట్టడం. ప్రస్తారంలో ఆరవ వరుస చెరిగిపోయిందనుకోండి. ఆరు సరిసంఖ్య కనుక లఘువు రాసి సగం చేయాలి, మూడు. మూడు బేసి కనుక గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి, రెండు. రెండు సరిసంఖ్య, మళ్లీ లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణం వచ్చింది. కంప్యూటరు తరగతిలో అయిదును ద్విసంఖ్యామానంలోకి మార్చమన్నారు. రెండుతో భాగిస్తూ శేషాలు రాసుకుంటూ పోతే 101 వచ్చింది. అదీ జగణమే! ఆరుకు బదులు అయిదు ఎందుకంటే, మనవారు వరుసలను ఒకటి నుండి లెక్కించారు, యంత్రం సున్న నుండి లెక్కిస్తుంది. తేడా అంతమాత్రమే.

ఉద్దిష్టం దీనికి విలోమం. వృత్తాన్ని ఇస్తే దాని వరుస సంఖ్య చెప్పాలి. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు. ఆ కృతి ఛందంలో పుట్టగల సమవృత్తాలు 10,48,576. వాటిలో ఉత్పలమాల 3,55,799వది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది కదా, ఆ ప్రకృతి ఛందంలో దాని సంఖ్య 7,11,600. ఒకదాని నుండి మరొకదానిని రాబట్టడానికి రెట్టించి రెండు కలిపితే సరి. ఎందుకలా అవుతుందో కాగితం మీద వేసి చూసుకుంటే ఒక సాయంకాలం హాయిగా గడుస్తుంది.

ఇక వివాదాంశానికి వస్తాను. కంప్యూటరును మనవారే కనిపెట్టారని, పింగళుడే దానికి పితామహుడని సందేశాలు పంపుకొని మురిసిపోయేవారు నాకు మిత్రులలోనే ఉన్నారు. ఛందస్సును జీవితాంతం బోధించినవాడిని కనుక నేను ఎగిరి గంతువేస్తానని వారి ఊహ. నేను వేయను. పింగళుడు గురులఘువుల అమరికలకు సంఖ్యలను కట్టాడు. ఆ అమరికలతో కూడికలు తీసివేతలు చేయలేదు. ద్విసంఖ్యలతో అంకగణితాన్ని వివరిస్తూ జర్మను పండితుడు లైబ్నిజ్ రాసిన వ్యాసం 1703 నాటిది. తర్కాన్ని బీజగణితంగా మలచిన జార్జి బూల్ గ్రంథం 1854లో వచ్చింది. ఆ బీజగణితాన్ని విద్యుత్తు మీటలకు అన్వయించవచ్చునని క్లాడ్ షానన్ 1937లో తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. వీరి దారి వేరు, ప్రయోజనం వేరు. విచిత్రమేమంటే లైబ్నిజ్ కూడా చీనీయుల ప్రాచీన గ్రంథంలోని అరవైనాలుగు రేఖాచిత్రాలను చూసి, తన లెక్కే అందులో ఉందని పొంగిపోయాడు. తన ఇంటి వస్తువు ఎదుటివాని అటక మీద కనిపించినప్పుడు కలిగే సంబరం మనకొక్కరికే పరిమితం కాదన్నమాట.

పింగళునికి దక్కవలసిన గౌరవం వేరొకటి ఉంది. ఆరక్షరాల పాదానికి ఎన్ని వృత్తాలో తెలుసుకోవడానికి రెండును ఆరుసార్లు వేసి గుణించనక్కరలేదంటాడు. సంఖ్యను సగం చేయగలిగినప్పుడు రెండు అని, బేసి అయితే ఒకటి తీసివేసి సున్న అని గుర్తు పెట్టుకుంటూ దిగాలి: ఆరు, మూడు, రెండు, ఒకటి, సున్న. పిదప ఒకటితో మొదలుపెట్టి వెనుకకు రావాలి. సున్న గుర్తున్నచోట రెట్టింపు, రెండు గుర్తున్నచోట వర్గం: 2, 4, 8, 64. పెద్ద ఘాతాలను తక్కువ గుణకారాలతో రాబట్టడానికి నేటి ప్రోగ్రాములలోనూ ఇదే ఉపాయం. పదవ శతాబ్ది నాటి హలాయుధుని వ్యాఖ్య ఇలాంటి సూత్రాలను విప్పి చెప్పి ఉండకపోతే, వాటిని తలకిందులుగా పట్టుకున్నా మనకు అర్థమయ్యేవి కావు. యంత్రాన్ని ఊహించాడని అబద్ధం చెప్పడం కన్న, ఈ ఒక్క లెక్కను పిల్లల చేత వేయించడం ఆయనకు ఎక్కువ గౌరవం.

చివరి వారం అక్షరాలను యంత్రం ఎలా దాచుకుంటుందో చెప్పారు. యూనికోడులో మన ‘క’ సంఖ్య 3,093. యూటీఎఫ్-8 పద్ధతిలో అది మూడు బైట్లు, అనగా ఇరవైనాలుగు సున్నలు, ఒకట్లు: 11100000 10110000 10010101. అలవాటు కొద్దీ ఒకటిని లఘువుగా, సున్నను గురువుగా పెట్టుకొని గణవిభజన చేశాను. న, మ, త, భ, మ, ర, ర, జ. శేషం లేకుండా ఎనిమిది గణాలు, సంకృతి ఛందంలో నిండు పాదం. యతిస్థానం ఎక్కడ పెడితే బాగుంటుందో ఇంకా తేల్చుకోలేదు.