కారంత చీమలు, అసలు భయం

1950లలో అమెరికాలో రాకాసి పురుగుల సినిమాలు వరసగా వచ్చాయి. ఇవాళ చూస్తే నవ్వొస్తుంది. కానీ వాటి వెనకున్న భయం నవ్వులాట కాదు. ఈ ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం.

మొదట చెప్పుకోవాల్సింది 1954 నాటి ‘దెమ్!’. తీసింది వార్నర్ బ్రదర్స్, దర్శకుడు గోర్డన్ డగ్లస్. న్యూ మెక్సికో ఎడారిలో ఒక చిన్నపిల్ల ఒంటరిగా నడుస్తూ పోలీసులకు దొరుకుతుంది. భయంతో మాట పడిపోయి ఉంటుంది. ఆ చుట్టుపక్కల ధ్వంసమైన చోట చక్కెర చెల్లాచెదురుగా పడి ఉంటుంది. ఇంకేముంది, చీమలే! కాకపోతే ఒక్కోటి కారంత. 1945 అణుబాంబు పరీక్ష వల్లే అవి అలా పెరిగాయంటుంది సినిమా. చివరికి లాస్ ఏంజెలెస్ వాననీటి కాలువల్లో సైన్యం వాటిని కాల్చేస్తుంది.

సినిమా బాగా ఆడింది. దాంతో మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. 1955లో ‘టరాంటులా’ అనే సాలీడు సినిమా వచ్చింది. 1957లో ‘ది డెడ్లీ మాంటిస్’, ‘ది బ్లాక్ స్కార్పియన్’, ‘బిగినింగ్ ఆఫ్ ది ఎండ్’ వచ్చాయి. ఈ చివరిదాని దర్శకుడు బెర్ట్ ఐ. గోర్డన్. చేతిలో డబ్బు తక్కువ. అందుకని షికాగో భవనాల ఫొటోలు పెట్టి, వాటి మీద మామూలు మిడతల్ని పాకించి షూట్ చేశాడు!

మరి చీమ నిజంగా అంత పెరగగలదా? పెరగలేదండీ. పొడవు 100 రెట్లు పెరిగితే కాళ్ళ మందం, అంటే కాలిని అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం, 10,000 రెట్లే పెరుగుతుంది. బరువు మాత్రం 10 లక్షల రెట్లవుతుంది. లేచి నిలబడటమే కష్టం. పైగా చీమకు ఊపిరితిత్తులు లేవు, ఒంట్లో సన్నటి గాలి గొట్టాలే ఉంటాయి. అంత పెద్ద ఒంటికి ఆ గాలి చాలదు. జె.బి.ఎస్. హాల్డేన్ 1926లోనే ఈ లెక్క రాశాడు. తర్వాత మన దేశానికి వచ్చి స్థిరపడిన శాస్త్రవేత్తే ఈయన.

అంటే చీమ అబద్ధం. బాంబు మాత్రం నిజం. 1945 జూలై 16న న్యూ మెక్సికోలో ‘ట్రినిటీ’ పరీక్ష జరిగింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు, ఎవరినీ ఖాళీ చేయించలేదు. పేలుడు తర్వాత ఆయుధాల గిడ్డంగి పేలిందని ప్రకటించారు. ఆ బూడిద జనం మీదా, పొలాల మీదా పడింది. నెవాడా పరీక్షల బాధితులకు పరిహారమిస్తూ 1990లో చట్టం వచ్చింది. అందులో ట్రినిటీ పక్క ఊళ్ళవాళ్ళు లేరు. వాళ్ళను చేర్చింది 2025లో. 80 ఏళ్ళు పట్టింది!

ఇప్పుడు ‘దెమ్!’ కథ మళ్ళీ గుర్తు చేసుకోండి. అందులో తప్పు చీమలది, కాపాడింది సైన్యం. బాంబు పేల్చినవాళ్ళను నిలదీసే సీను ఒక్కటీ లేదు. జనం భయాన్ని సినిమా సరిగ్గానే పట్టుకుంది, దాన్ని తీసుకెళ్ళి పురుగుల మీద పెట్టింది. గంటన్నరలో పురుగులు చచ్చిపోతాయి, ప్రేక్షకుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్తాడు. ఆ ఊళ్ళవాళ్ళు మాత్రం రోజూ ఆ బూడిద పడిన నేల మీదే బతికారు.