పరుగులో బలాలు

పరుగెత్తే మనిషిని నేల మోస్తుంది, గాలి అడ్డుకుంటుంది. నెమ్మది పరుగులోనూ నేల ప్రతిచర్య బలం శరీర బరువుకు రెండు, మూడు రెట్లకు చేరుతుంది. అడుగు మొత్తానికి సగటు తీస్తే మాత్రం అది బరువుకు సమానమే. పాదాలు గాలిలో ఉన్నంతసేపటి లోటును నేల తాకిన కొద్ది క్షణాల్లోనే పూడ్చాలి. 1973లో గణితవేత్త జోసెఫ్ కెల్లర్ నిరోధం వేగానికి అనులోమానుపాతంలో పెరుగుతుందనుకుని పరుగును కొద్ది సమీకరణాల్లో ఇమిడ్చారు. అందమైన సరళత అది. గాలి నిరోధం ఒక్కటే చూస్తే మాత్రం, అది సాపేక్ష వేగం వర్గాన్ని బట్టి మారుతుంది.

2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో విశాఖపట్నం క్రీడాకారిణి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించారు. వెనుకగాలి సెకనుకు 2.1 మీటర్లు, రికార్డులకు హద్దు 2.0. జాతీయ రికార్డు దక్కలేదు. ఆమె సగటు వేగానికి ఆ వెనుకగాలి వల్ల నిరోధం దాదాపు సగానికి తగ్గుతుంది కనుక హద్దు న్యాయమే, అయినా 0.1 తేడా బాధించేదే. మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లతో ఆ రికార్డు సాధించారు.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల ఇసుకలో సైనిక ఎంపికలకు సాధన చేసేవారి లెక్క వేరు. ఇసుక పాదం కింద జారుతూ కండరాల పనిని మింగేస్తుంది. గట్టి నేలకంటే సుమారు 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుంది.