ముద్ర లేని పాట



మీలో అరువది దాటినవారికి పంచాయతీ రేడియో జ్ఞాపకముండక పోదు. మా యూరు కోనసీమలో ఒక పంటకాలువ గట్టున నున్నది. నా చిన్నతనమున పంచాయతీ కచేరి పెంకుటింటి చూరునకు ఒక బాకా కట్టియుండెడిది. తెల్లవారగనే గుమాస్తా వచ్చి మీట త్రిప్పెడివాడు. విజయవాడ కేంద్రమునుండి భక్తిరంజని వినవచ్చెడిది. కడవలతో కాలువకు బోవు స్త్రీలును, అరకలు తోలుకొని పొలమునకు బోవు రైతులును ఆ బాకా క్రింద ఒక్క నిమిషము నిలిచి పోవుచుండిరి. ఆదివారమునాడు సూర్యుని మేలుకొలుపు వచ్చెడిది. మా నాయనమ్మ ఆ పాటను రేడియో రాక మునుపే యెరుగును. రథసప్తమినాడు చిక్కుడాకులలో పరమాన్నము పెట్టుచు తానే పాడెడిది. “మన యింటి పాటేగదరా, ఈ పెట్టెలోకి ఎలా వెళ్లింది?” అని ఆమె యాశ్చర్యపడుట నాకిప్పటికిని చెవులలో నున్నది.

ఆ యింటి పాటకు వాద్యములు కూర్చి రేడియోలోనికి దెచ్చినవారు మన గోదావరి సీమవారే. వారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు. నేడు వారినిగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. తానే మాట వ్రాసి, తానే వరుస కట్టి, తానే పాడగల మనుష్యుడు ఈ కాలమున బ్రతుకుతెరువు నెట్లు వెదకుకొనెను, ఆ తెరువులో తన పేరును ఎక్కడ పోగొట్టుకొనెను అనునదియే నా ప్రసంగవిషయము.

శార్ఙ్గదేవుడు పదుమూడవ శతాబ్దియందు సంగీతరత్నాకరమును రచించుచు, మాటను మాతువనియు, పాటను ధాతువనియు వ్యవహరించి, ఆ రెండును కల్పింపగలవాడు వాగ్గేయకారుడని నిర్ణయించెను. మన తెలుగుసీమ అట్టివారికి పుట్టినిల్లు. అయితే వారందరికిని ఒక యలవాటు కలదు. తమ గుర్తును పాటలోపలనే పెట్టుదురు. దానినే ముద్ర యందురు. త్యాగరాజస్వామి తన పేరునే పెట్టెను. క్షేత్రయ్య తన మువ్వగోపాలుని పెట్టెను. అన్నమాచార్యుడు వేంకటేశ్వరుని పెట్టెను. భూమికి హద్దురాయి యెట్టిదో పాటకు ముద్ర యట్టిది. పాడువాడు కర్త పేరు చెప్పనక్కరలేదు, పాటయే చెప్పును. అన్నమయ్య సంకీర్తనములు రాగిరేకులపై నెక్కి కొన్ని శతాబ్దములు తిరుమల కొండపై నొక యరలో పడియుండి వెలికి వచ్చినప్పుడు సయితము, ఇవి ఎవరివి యని యెవరును తడుముకొన లేదు.

రజనీకాంతరావుగారు 1920 జనవరి 29వ తేదీన నిడదవోలులో జన్మించిరి. తండ్రిగారు బాలాంత్రపు వేంకటరావుగారు. ఓలేటి పార్వతీశముగారితో గూడి వేంకటపార్వతీశ కవులుగా ఏకాంతసేవను రచించినది వీరే. ఇరువురు కవులు పేర్లు కలిపికొని యొక్కపేరుగా జీవించిన యింట పెరిగిన బాలుడు, ముందు ముందు తన పేరునే మరుగుపరచుకొని పాటలు కట్టవలసివచ్చుట వింతయే.

బాల్యము పిఠాపురమున గడచెను. అప్పటి పిఠాపుర మెట్టిదో పెద్దలు విన్నదే. శ్రీ రాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యరావు బహద్దరువారు సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ధనమిచ్చి పండితులను పోషించుచుండిరి. తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు ఆస్థాన వైణికులు; రవీంద్రనాథ ఠాకూరు అంతవాడు వారి వీణ విని ముగ్ధుడయ్యెను. ఠాకూరు తన పాటకు తానే వరుస కట్టుకొనువాడని మీరెరుగుదురు. ఆ బంగాళపు గాలి పిఠాపురమును సోకెను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిది ఆ చుట్టుపట్టుల చంద్రంపాలెమే. ఇట్టిచోట చెవులు తెరచుకొనిన పిల్లవానికి వేరుగ గురుకుల మేల?

కాని పాటగానిని పోషించెడి దివాణములకు అప్పటికే సంధ్యాకాలము. మరి తెరు వేది? నాటకసమాజములలో హార్మోనియము కలదు, అందు రాగాలాపమునకు చప్పట్లేగాని కర్తకు గౌరవము తక్కువ. గ్రామఫోను కలదు. అది యొక వ్యాపారము. లక్కపళ్లెము నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్క పాట మూడు నిమిషములకు పైబడిన కొలదికాలమే. ఇందొక సూక్ష్మము కలదు, పెద్దలు గమనింపవలయును. కీర్తనలో ముద్ర సాధారణముగా కడపటి చరణమున వచ్చును. మూడు నిమిషములలో పల్లవి రెండుమార్లు పాడి, వాద్యములకు కొంత చోటిచ్చి, చరణ మొక్కటి రెండు ముగించుసరికే సూది అంచునకు వచ్చును. ముద్రకు చోటెక్కడ? పళ్లెముపై ముద్రింపబడినది కంపెనీ బొమ్మయు, పాడినవారి పేరును. మా యూళ్లలో ఆ కుక్కబొమ్మను గుర్తుపట్టనివారు లేరు. పాట కట్టినవానిని గుర్తుపట్టినవారిని నేను చూడలేదు.

ఇక రేడియో. చెన్నపట్టణమున 1924లో కొందరు ఔత్సాహికులు కృష్ణస్వామిచెట్టిగారి పూనికతో ఒక క్లబ్బుగా చేరి ప్రసార మారంభించిరి. ధనము చాలక మూడేండ్లలో అది మూతపడెను. తరువాత 1930 నుండి కొంతకాలము నగరపాలక సంఘమువారు నడపిరి. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియోవారి మద్రాసు కేంద్రము వెలసెను. అమెరికాలో కళాశాల విద్యార్థులు తమ ప్రసారకేంద్రములను తామే నడపుకొందురు. ఊరు పేరు లేని పాటగాండ్రను అక్కడనే ముందుగా వినిపింతురు. అక్కడనుండి వారు వ్యాపారపు వీధికి పోవుదురు. మన విద్యార్థులకు ఆనాడు ఆ సదుపాయము లేదు. కళాశాల వార్షికోత్సవ వేదికయే వారి రేడియో. రజనీకాంతరావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పింగళి లక్ష్మీకాంతముగారి యొద్ద తెలుగు చదివి, 1941లో మద్రాసు కేంద్రమున నుద్యోగమున జేరిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియొక యేండ్లు.

కొలువు చిన్నదే, కాని నెలజీతము వచ్చునది. దివాణమువలె మెప్పింపవలసిన ప్రభు వొక్కడు లేడు. గ్రామఫోనువలె అమ్ముడుపోవలెనను బెదురు లేదు. అన్నిటికన్న మిన్నగా, నేడు వ్రాసిన పాటను రేపే పాడించు వసతి కలదు. లలితసంగీత మను మాట మనకలవాటగుటకు ఈ వసతియే కారణమని నా తలపు. శాస్త్రీయమున రాగమునకు మాట దాసి, నాటకమునను అంతే. ఇక్కడ మాట తేలికపడి, రాగము మాటను మోసికొనిపోయెను. రజని యను పేర వారు కట్టిన గేయములు పిమ్మట శతపత్రసుందరి యను సంపుటముగా వెలువడెను.

1947 ఆగస్టు 15, స్వాతంత్ర్యము వచ్చిన రాత్రి. మద్రాసు కేంద్రమునుండి తెలుగువారికి వినిపించిన పాట మాదీ స్వతంత్ర దేశం. మాటయు వరుసయు రజనీకాంతరావుగారివి, గళము టంగుటూరి సూర్యకుమారిగారిది. ఆమె 1925లో మన రాజమహేంద్రవరమున జన్మించినది. ప్రకాశంపంతులుగారి తమ్ముని కుమార్తె. నిడదవోలు మాట, రాజమహేంద్రి గొంతు! గోదావరికి ఆ గట్టొకరు, ఈ గట్టొకరు. స్వాతంత్ర్యమునకు తెలుగున మంగళహారతి పట్టినవారు వీరు. ఆ పాట ఆ రాత్రితో ఆగలేదు. పాఠశాలలకు వచ్చెను, ప్రభాతభేరీలకు వచ్చెను.

వ్యాపారపు వీధియు వారిని పిలువకపోలేదు. 1945లో వాహినీవారు బి. ఎన్. రెడ్డిగారి నిర్వహణమున స్వర్గసీమ యను చిత్రమును తీసిరి. అందు భానుమతిగారు పాడిన ఓహో పావురమా యను పాట ఊరూర మారుమ్రోగెను. వరుసలో పశ్చిమదేశపు పోకడ కలదు. ఒక ఆంగ్లచిత్రమున విన్న తీరు దానికి ప్రేరణ యందురు. దాని వెనుక నున్నవారు రజనీకాంతరావుగారే. కాని సర్కారు కొలువులో నున్నవారు బయట పనిచేయరాదు గనుక వారి పేరు తెరకెక్కలేదు. పిమ్మటను మారుపేర్ల చాటున పనిచేసిరి. జీతము ఒకచోట, కీర్తి వేరొకచోట. రెండింటికి నడుమ పేరు జారిపోయినది. నియమము తప్పని నేననను. ఉద్యోగికి కట్టుబాటు వలయును. అయినను కట్టినవాడు పాటకు పరాయివాడగుట మన సంప్రదాయమున ఎన్నడును లేదు.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్ర మారంభమైనది. అప్పటినుండియే రేడియో నిజముగా మన డెల్టా పల్లెలకు చేరినదని చెప్పవలెను. మన శంకరగుప్తమునం దవతరించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారును అచ్చట పనిచేసిరి. భక్తిరంజనికి రూపము కల్పించినవారిలో వీరిరువురును కలరు. రజనీకాంతరావుగారు తరువాత ఆ కేంద్రమునకే నిర్దేశకులైరి. 1952లో కేస్కరుగారు కేంద్రమంత్రిగా నుండగా సినిమాపాటలు ఆకాశవాణినుండి తొలగిపోయెను. జనులు సింహళద్వీపపు రేడియో వైపు ముండ్లు త్రిప్పిరి. 1957లో వివిధభారతి నెలకొల్పువరకు ఈ పెనుగులాట సాగెను. ఆ యేండ్లలో లలితగీతములకు గిరాకి హెచ్చెను. ఒకే పాటను నెలపొడుగున మరల మరల వినిపించు ‘ఈ మాసపు పాట’ మీకు తెలిసినదే. మా పెద్దక్క మూలపాత ప్రద్దుపుస్తకములో ఆ పాటలు వ్రాసికొనెడిది. ఆ పుస్తకము నా యొద్దనే యున్నది. పాట యున్నది, చరణములున్నవి, రాగముపేరును అక్కడక్కడ నున్నది. కర్త పేరొక్కచోటను లేదు. తప్పు రేడియోవారిది కాదు. రచన ఫలానావారు, సంగీతము ఫలానావారని పాటకు ముందు ఒక్క ఊపిరిలో చెప్పుదురు. మా యక్క పొయ్యి దగ్గరనుండి పరుగెత్తుకొని వచ్చుసరికి పాట యెత్తుకొనెడివారు. పేరు పాటకు వెలుపల నున్నది గనుక జారిపోయెను. లోపల నున్నయెడల ఆమె వ్రాతలో నిలిచియుండును.

ఇట్లు తన పేరును గాలిలో విడిచిన మహనీయుడు ఏమి చేసెనో వినుడు. పేర్లు నిలిపికొనినవారి చరిత్రమును వ్రాసెను. ఆంధ్రవాగ్గేయకార చరిత్రము అను ఆ గ్రంథమునకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. నేను కొవ్వూరున భాషాప్రవీణ చదువునాడు ఆ గ్రంథమును కన్నులకద్దుకొని చదివితిని. తెల్లవారుజామున స్టూడియోలో శ్రుతి సరిచూచుచు, సాయంకాలము ఏనాటి వాగ్గేయకారునో వెదకి వెదకి వ్రాసిన మనుష్యుని శ్రమ యెట్టిదో ఆనాడు నాకు తట్టలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలెను. నేను బడిపంతులుగా నున్న కాలమున ప్రతి యాగస్టు పదునైదుకును పిల్లలచేత మాదీ స్వతంత్ర దేశం పాడించితిని. ఒక యేడు అభ్యాసము జరుగుచుండగా వెనుకవరుసలోని యొక కుర్రవాడు లేచి, “మాస్టారండీ, ఈ పాట ఎవరు కట్టారండీ?” అని యడిగెను. నేను, “ఎవరో పెద్దలు కట్టినదిలే, నువ్వు శ్రుతి చూసుకో” యంటిని. పిల్లలు నవ్విరి. వాడు కూర్చుండెను. నేను ఆ గ్రంథమునెరుగుదును, దాని కర్త పేరునెరుగుదును. పాటను వందలమార్లు పాడించితిని. ఆ రెండును ఒక్క చేతివే యని మాత్రము నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు పాండిత్య మడ్డము వచ్చెను.

2018 ఏప్రిల్ 22వ తేదీన రజనీకాంతరావుగారు తొంబదియెనిమిది యేండ్ల వయస్సున విజయవాడలో స్వర్గస్థులైరి. మరునాటి పత్రికలో ఆ పాట పేరు చూచి నేను దిగ్గున లేచితిని. పేపరు మడిచి చేతబట్టుకొని ఆ కుర్రవానికొరకు బయలుదేరితిని. వాడిప్పుడు కుర్రవాడు కాడు, నడివయస్సు వాడు. మా యూరి లాకుల దగ్గర కొబ్బరికాయల వ్యాపారము చేయుచున్నాడు. దింపు కాయలు లెక్కపెట్టుచుండగా పోయి, ఫలానావారని చెప్పితిని. వాడు లెక్క ఆపి, తుండుగుడ్డతో ముఖము తుడుచుకొని, “నిడదవోలేనాండీ?” యనెను. అవుననగా, “మా మేనత్తని ఆ ఊరే ఇచ్చారండి. ఇన్నాళ్లూ వెళ్తానే ఉన్నానండి,” అని, కొంతసేపు కాలువ వైపు చూచి, మరల మొదటినుండి కాయలు లెక్కపెట్ట మొదలిడెను.