మోటారు సైకిల్ ఎయిర్ ఫిల్టర్

మోటారు సైకిల్ ఎయిర్ ఫిల్టర్ అనేది ఇంజనులోకి వెళ్ళే గాలిలోని దుమ్మును, ఇసుక రేణువులను అడ్డగించే వడపోత సాధనం. దీనిని గాలి వడపోత, వాయుశోధకం అని చెప్పవచ్చు గాని, మెకానిక్ షాపులలోను, విడిభాగాల దుకాణాలలోను ఎయిర్ ఫిల్టరు అన్న మాటే వాడుకలో ఉంది. బండి విడిభాగాలలో ఇది చౌకయిన వాటిలో ఒకటి. దీనిని పట్టించుకోకపోవడం వల్ల ఎంత నష్టమో, తప్పుడు పద్ధతిలో శుభ్రం చేయడం వల్ల కూడా అంత నష్టం కలుగుతుంది.

ఆవశ్యకత

పెట్రోలు పూర్తిగా మండడానికి దాని బరువుకు సుమారు 14.7 రెట్లు బరువుగల గాలి కావాలి. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది. దానికి దాదాపు 11 కిలోల గాలి, అనగా సుమారు 9,000 లీటర్ల గాలి అవసరం. ఈ లెక్కన లీటరుకు 60 కిలోమీటర్లు నడిచే బండి ప్రతి కిలోమీటరుకు 150 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి రోడ్డు మీద లేచే దుమ్ముతో కూడినదే.

దుమ్ములో అధిక భాగం సిలికా. మోస్ కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్ రూపంలోని సిలికాకు 7వ స్థానం. సిలిండరు గోడలకు వాడే పోత ఇనుము దీనికంటే మెత్తన. కంటికి కనిపించని ఈ రేణువులు పిస్టన్ రింగులకు, సిలిండరు గోడకు మధ్య చేరి, అక్కడి ఇంజన్ ఆయిలుతో కలిసి వాల్వులు నూరే పేస్టులా పనిచేస్తాయి. గోడ అరిగిన కొద్దీ కంప్రెషన్ పడిపోతుంది, ఆయిలు పైకి చేరి మండుతుంది, సైలెన్సరు నుండి నీలి రంగు పొగ వస్తుంది. మెకానిక్కులు దీనినే "ఇంజను బోరుకు వచ్చింది" అంటారు. అప్పుడు సిలిండరును బోరు చేయించి పిస్టను, రింగులు కొత్తవి వేయించడం తప్ప మార్గం లేదు. ఆ ఖర్చుతో ఎన్నో ఫిల్టర్లు కొనవచ్చు.

రకాలు

ప్రస్తుతం ఎక్కువగా కనిపించేది మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరు. మడతల వల్ల తక్కువ చోటులో ఎక్కువ వైశాల్యం లభిస్తుంది. ఇందులో రెండు విధాలు ఉన్నాయి. పొడి కాగితం ఒకటి, జిగురు వంటి నూనె పట్టించిన కాగితం మరొకటి. రెండవ దానిని ముట్టుకుంటే వేలికి జిడ్డు తగులుతుంది. ఈ తేడాను గుర్తించడం చాలా ముఖ్యం, ఎందుకంటే నూనె కాగితాన్ని శుభ్రం చేయరాదు, మార్చవలసిందే. గాలి కొడితే దుమ్ము పూర్తిగా పోదు, దుమ్మును పట్టి ఉంచే నూనె చెదిరిపోతుంది. పాత బండ్లలోను, బురదలో నడిచే బండ్లలోను స్పాంజి ఫిల్టర్లు ఉంటాయి. నూలు గుడ్డతో చేసిన ఫిల్టర్లను కొందరు విడిగా కొని వేయించుకుంటారు. వాటికి ప్రత్యేకమైన ద్రావకం, నూనె కావాలి.

మూసుకుపోయిన ఫిల్టరు లక్షణాలు

కార్బురేటరు బండిలో గాలి తగ్గితే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. నల్లని పొగ, మసిబారిన స్పార్క్ ప్లగ్గు, తగ్గిన మైలేజీ దీని గుర్తులు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల తరువాత కొత్త మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వస్తున్నాయి. వీటిలో సెన్సార్లు గాలికి తగినట్లు పెట్రోలును సర్దుతాయి. కనుక పొగ కనిపించకపోవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు, పూర్తి యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు బండి లాగకపోవడమే గుర్తు.

శుభ్రపరచే విధానం

ఇంజను ఆపి, చల్లారిన తరువాత సైడ్ కవరు గాని, సీటు గాని తీస్తే ఫిల్టరు డబ్బా కనిపిస్తుంది. మూత తీయడానికి ముందే దానిపై దుమ్మును తుడవాలి. ఫిల్టరు బయటకు తీయగానే ఇంజను వైపు వెళ్ళే గొట్టాన్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి, లేకుంటే డబ్బాలోని మట్టి నేరుగా లోపలికి పోతుంది. తడి గుడ్డతో డబ్బాను తుడిచి, అడుగున ఉన్న చిన్న రబ్బరు గొట్టంలో చేరిన నీటిని, నూనెను వదిలివేయాలి. చాలాకాలం కదలని బండ్లలో గాలి పీల్చే మూతి వద్ద కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండటం కూడా కద్దు.

పొడి కాగితపు ఫిల్టరును చదునైన చోట మెల్లగా తట్టాలి. గాలి కొట్టవలసి వస్తే తక్కువ పీడనంతో, దూరం నుండి, శుభ్రంగా ఉన్న వైపు నుండి మురికి వైపుకు కొట్టాలి. టైర్లకు కొట్టే గాలిని దగ్గర పెట్టి కొడితే కాగితంలో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడతాయి. తరువాత ఫిల్టరును వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, ఎక్కడైనా చుక్కవలె వెలుగు కనిపిస్తే పారవేయాలి. కాగితాన్ని నీటితో గాని, పెట్రోలుతో గాని కడగరాదు.

స్పాంజి ఫిల్టరును కిరసనాయిలులో, అది దొరకనప్పుడు గోరువెచ్చని సబ్బునీటిలో పిసికి కడగాలి. పెట్రోలు వాడితే అతుకులు ఊడవచ్చు, నిప్పు భయం కూడా ఉంది. బట్టను పిండినట్లు మెలిపెట్టరాదు, అరచేతుల మధ్య నొక్కాలి. నీడలో పూర్తిగా ఆరిన తరువాత తయారీదారు సూచించిన నూనె పట్టించి, ఎక్కువైన దానిని నొక్కి తీయాలి. నూనె లేని స్పాంజి సన్నని దుమ్మును ఆపలేదు. ఈ చివరి పనినే చాలామంది మరచిపోతారు.

మార్చవలసిన సమయం

సాధారణంగా కాగితపు ఫిల్టరును 10,000 నుండి 16,000 కిలోమీటర్ల మధ్య మార్చమని సూచిస్తారు. కచ్చితమైన అంకె బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. నాపరాయి కోసే తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాలలో, గ్రానైటు గనులున్న చీమకుర్తి పరిసరాలలో, బొగ్గు దుమ్ము ఉండే గోదావరిఖనిలో ఆ గడువు వరకు ఆగడం మంచిది కాదు.

అయితే వారం వారం విప్పి దులపడం కూడా పొరపాటే. కాగితంపై పేరుకున్న పలుచని దుమ్ము పొర తానే వడపోతగా పనిచేసి, కొత్త ఫిల్టరు వదిలివేసే సన్నని రేణువులను కూడా ఆపుతుంది. గాలి ప్రవాహానికి అడ్డం కానంతవరకు ఆ పొర వల్ల మేలే. పైగా విప్పిన ప్రతిసారి అంచు రబ్బరు సరిగా కూర్చోకపోయే ప్రమాదం ఉంది. కొత్తది బిగించేటప్పుడు ఆ అంచును వేలితో తడిమి చూడాలి. తరువాత ఎప్పుడైనా విప్పినప్పుడు శుభ్రమైన వైపున దుమ్ము చార కనిపిస్తే గాలి ఫిల్టరును తప్పించుకొని పక్కనుండి పోతున్నదని అర్థం.

పికప్ కోసం ఫిల్టరు తీసివేసి నడిపే అలవాటు కొందరు యువకులలో ఉంది. శబ్దం పెరిగి వేగం పెరిగినట్లు తోస్తుంది గాని, కార్బురేటరు అమరిక తప్పి మిశ్రమం పలుచనై ఇంజను వేడెక్కుతుంది. ఇంజను ఎదురు తన్నినప్పుడు గొట్టం గుండా వెనుకకు వచ్చే మంటను కొంతవరకు ఆపేది కూడా ఈ ఫిల్టరే. అది లేకుంటే బండికి నిప్పంటుకునే అవకాశం ఉంది.