మూడో తలుపు

మా ఆఫీసు ఏడో అంతస్తులో ఉండేది. కొన్నేళ్ల క్రితం మా టీంలో ఒక టెస్టర్ చేరింది. ట్రాన్స్ మహిళ. చేరిన రెండో వారంలో అడ్మిన్ నుంచి ఒకాయన నా డెస్క్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "సార్, ఆవిడ ఏ వాష్‌రూంకి వెళ్లాలి? లేడీస్ ఒకరిద్దరు అడుగుతున్నారు" అన్నాడు. నేను పది సెకన్లు కూడా ఆలోచించలేదు. "గ్రౌండ్ ఫ్లోర్‌లో వికలాంగుల టాయిలెట్ ఉంది కదా, అది వాడుకోమనండి" అన్నా. ఎవరినీ నొప్పించకుండా తేల్చేశానని లోపల కాస్త గర్వం కూడా. టికెట్ క్లోజ్ చేసిన తృప్తి.

ఆర్నెల్ల తర్వాత, ఒక రిలీజ్ రాత్రి, నీ బాటిల్ ఎప్పుడూ నిండుగానే ఉంటుందేంటి అని మాటవరసకి అడిగాను. "లంచ్ దాకా నీళ్లు తాగను సర్. కిందికెళ్లి రావాలంటే లిఫ్ట్ కోసమే పావుగంట పడుతుంది. మీటింగ్ మధ్యలో అంతసేపు పోలేను కదా" అంది. అందులో ఫిర్యాదు లేదు. ట్రాఫిక్ గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

నాకు 2016 గుర్తొచ్చింది. అప్పుడు నేను ఒక ప్రాజెక్టు మీద అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రం షార్లట్‌లో ఉన్నా. ఆ ఫిబ్రవరిలో షార్లట్ నగర కౌన్సిల్ 7-4 ఓట్లతో ఒక ఆర్డినెన్స్ చేసింది. హోటళ్లు, షాపులు లాంటి చోట్ల గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల పట్ల వివక్ష చూపకూడదు. ట్రాన్స్ మనుషులు తమ జెండర్‌కి తగిన బాత్రూం వాడుకోవచ్చు. అది అమల్లోకి రావాల్సింది ఏప్రిల్ 1న. రానివ్వలేదు. మార్చి 23న రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, ఒక్క రోజులో హెచ్‌బీ 2 అనే చట్టం చేసింది. గవర్నర్ పాట్ మెక్రోరీ ఆ రాత్రే సంతకం పెట్టాడు. ప్రభుత్వ భవనాల్లో, బళ్లలో ఎవరైనా సరే బర్త్ సర్టిఫికెట్‌లో ఏ లింగం రాసి ఉంటే ఆ బాత్రూంకే వెళ్లాలి.

ఆ వారాంతం ఒక ఫ్రెండ్ ఇంట్లో బిర్యానీ. మాట దీనిమీదికి మళ్లింది. "ఎవరెలా ఉన్నా మనకేం అన్నా, కానీ మన పాపలు వెళ్లే బాత్రూం కదా" అన్నాడొకడు. అందరం తలూపాం. నేనూ ఊపాను. వీసా మీదున్నాం, ఓటు లేదు, వాళ్ల గొడవ వాళ్లది అనుకున్నాం.

రిలీజ్ రాత్రి తర్వాత ఈ గొడవ చరిత్ర చదవడం మొదలుపెట్టా. అది 2016లో పుట్టింది కాదు.

ఆడవాళ్లకో తలుపు, మగవాళ్లకో తలుపు అన్న ఏర్పాటు అనాదిగా ఉందనుకుంటాం. అమెరికాలో దాన్ని మొదట చట్టంగా రాసింది 1887లో, మసాచుసెట్స్ రాష్ట్రం. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిలోకి వస్తున్న కాలం. స్త్రీ బలహీనురాలు, ఆమె అసలు చోటు ఇల్లు, ఫ్యాక్టరీకి వచ్చింది కాబట్టి అక్కడ ఆమెకి ఇల్లులాంటి ఒక మూల కట్టాలి అన్నది అప్పటి ఆలోచన. 1920 నాటికి నలభైకి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు వచ్చాయి. దాంతో కార్మిక స్త్రీలకి మేలు జరగలేదని కాదు, జరిగింది. కాకపోతే ఆ తలుపు మీద రక్షణతో పాటు, నువ్విక్కడ అతిథివి అన్న మాట కూడా రాసి ఉంది.

లండన్‌లో ఆ అతిథి మర్యాద కూడా దక్కలేదు. విక్టోరియా రాణి కాలంలో మగవాళ్లకి వీధుల్లో మూత్రశాలలుండేవి, ఆడవాళ్లకి దాదాపు లేవు. బయటికి వెళ్లాలంటే నీళ్లు తాగడం మానాలి, ఇల్లు ఎంత దూరమో లెక్కేసుకోవాలి. చరిత్రకారులు దీనికి పెట్టిన పేరుని తెలుగులో చెప్పాలంటే మూత్రపు పలుపుతాడు. ఆవుకి తాడెంత పొడుగుంటే అంతవరకే మేత. 1900 ప్రాంతంలో కామ్డెన్‌లో ఆడవాళ్ల కోసం ఒక టాయిలెట్ కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆస్తుల విలువ పడిపోతుందని చుట్టుపక్కలవాళ్లు అభ్యంతరం చెప్పారు. ట్రాఫిక్‌కి అడ్డమో కాదో చూద్దామని రోడ్డు మీద ఒక చెక్క నమూనా పెడితే, బండ్లవాళ్లు పనిగట్టుకుని దాన్ని గుద్దారు. ఇదంతా దగ్గరుండి చూసినవాడు అప్పుడు అక్కడి స్థానిక సభలో సభ్యుడు, నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా. తర్వాత దీని గురించి ఒక వ్యాసం కూడా రాశాడు.

నిండు బాటిల్‌తో నా ఎదురుగా కూర్చున్న టెస్టర్‌కీ, ఆ లండన్ స్త్రీలకీ మధ్య నూట ఇరవై ఏళ్లు. తాడు మాత్రం అదే.

మళ్లీ అమెరికాకి వస్తే, దక్షిణ రాష్ట్రాల్లో రెండు తలుపులు సరిపోలేదు. మూడు పెట్టారు. లేడీస్, జెంటిల్‌మెన్, కలర్డ్. తెల్లవాళ్లలో ఆడా మగా ఉంటారు. నల్లవాళ్లు ఆడైనా మగైనా ఒకటే, వాళ్లకి మూడో తలుపు. ఈ సంగతి చదివినరోజు కాసేపు లాప్‌టాప్ మూసేశాను. గ్రౌండ్ ఫ్లోర్ వాడుకోమనండి అన్న నా పరిష్కారం ఏ వంశానిదో అప్పుడు అర్థమైంది.

ఆ మూడో తలుపు ఎత్తేయాలన్నప్పుడల్లా ప్రతిఘటన బాత్రూం దగ్గరే మొదలైంది. 1943లో, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, బాల్టిమోర్‌లోని వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ సైన్యానికి కావాల్సిన కమ్యూనికేషన్ పరికరాలు తయారుచేస్తోంది. అక్కడి తెల్ల కార్మికులు సమ్మెకి దిగారు. కోరిక జీతం పెంచమని కాదు, నల్లవాళ్లకి వేరే టాయిలెట్లు కట్టమని. రోగాలు అంటుకుంటాయన్నది వాదన. చివరికి రూజ్‌వెల్ట్ ఆ డిసెంబరులో సైన్యాన్ని పంపి ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చి బోర్డులు దిగిపోయాయి. మనసుల్లోంచి దిగలేదు. 1966 జనవరి 3న, అలబామాలోని టస్కీగీలో, శామీ యంగ్ అనే 21 ఏళ్ల నల్లజాతి విద్యార్థి ఒక పెట్రోల్ బంకులో టాయిలెట్ ఎక్కడని అడిగాడు. అంతకుముందు నేవీలో పనిచేసి వచ్చిన కుర్రాడు. తెల్లవాళ్ల టాయిలెట్ వాడుకుంటానన్నందుకు అక్కడ పనిచేసే ముసలాయన అతన్ని కాల్చి చంపాడు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆ ముసలాయన్ని నిర్దోషి అంది.

ఆ తర్వాత స్త్రీల వంతు. స్త్రీపురుష సమానత్వాన్ని రాజ్యాంగంలో రాయాలన్న సవరణని 1972లో కాంగ్రెస్ ఆమోదించి రాష్ట్రాలకి పంపింది. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. దానికి వ్యతిరేకంగా ఫిలిస్ ష్లాఫ్లీ అనే ఆవిడ ఉద్యమం నడిపింది. ఈ సవరణ వస్తే ఆడా మగా ఒకే బాత్రూం వాడాల్సి వస్తుందన్నది ఆ ప్రచారంలో బాగా పాకిన మాట. సవరణలో బాత్రూం ఊసే లేదు. 1982లో గడువు ముగిసేనాటికి లెక్క 35 దగ్గరే ఆగిపోయింది. పనికి, జీతానికి, ఆస్తికి సంబంధించిన వాదనలు ఎన్నో జరిగాయి, జనానికి గుర్తున్నది మాత్రం బాత్రూం.

2015 నవంబరులో హ్యూస్టన్‌లోనూ అంతే. మన తెలుగువాళ్లు దండిగా ఉండే ఊరు. అక్కడి నగర కౌన్సిల్ అంతకుముందు ఏడాది చేసిన ఆర్డినెన్స్‌లో జాతి, వయసు, మతం, వైకల్యం, సైన్యంలో చేసిన సేవ ఇలా పదిహేను రకాల వివక్షల్ని నిషేధించారు. దాన్ని ప్రజల ఓటుకి పెట్టారు. టీవీ ప్రకటనలో మాత్రం ఒక చిన్నపిల్ల టాయిలెట్‌లోకి వెళ్తుంది, వెనకే ఒక మగవాడు దూరతాడు. సుమారు 61 శాతం మంది ఆర్డినెన్స్ వద్దని ఓటేశారు.

నాలుగు నెలల తర్వాత షార్లట్. ఇక్కడ ఇంజనీర్‌గా నాకు వచ్చిన సందేహం చెబుతా. హెచ్‌బీ 2ని అమలుచేసేదెలా? బాత్రూంకి బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని ఎవరు వెళ్తారు? తలుపు దగ్గర చూసేదెవరు? చట్టంలో దానికి జవాబు లేదు. అంటే ఆ పని పక్కనున్నవాళ్ల కళ్లకి అప్పగించినట్టు. జుట్టు పొట్టిగా ఉన్న అమ్మాయి, గొంతు బొంగురుగా ఉన్న ఆడమనిషి, పొడుగ్గా భుజాలు వెడల్పుగా ఉన్న బాస్కెట్‌బాల్ ప్లేయర్, ఎవరైనా అనుమానితులే. ఆడవాళ్ల కోసం అని రాసిన చట్టం ఆడవాళ్లందరినీ తనిఖీకి నిలబెడుతుంది.

పైగా ఆ చట్టంలో మేము బిర్యానీ తింటూ మాట్లాడుకోని ముక్కలు ఇంకా ఉన్నాయి. ఏ నగరమూ తన సొంత కనీసవేతనం పెట్టుకోకూడదని అందులో రాశారు. ఉద్యోగంలో వివక్ష జరిగితే రాష్ట్ర చట్టం కింద కోర్టుకెళ్లే దారి కూడా మూసేశారు (దాన్ని తర్వాత కొంత తెరిచారు). బాత్రూం గురించి అరుచుకుంటున్న జనంలో ఎంతమంది ఈ పేజీలు తిప్పి ఉంటారు?

ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలుసు. పేపాల్ 400 ఉద్యోగాల సెంటర్ రద్దు చేసుకుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీ మానేశాడు. ఎన్‌బీఏ తన 2017 ఆల్‌స్టార్ ఆటని న్యూ ఆర్లీన్స్‌కి మార్చింది. మెక్రోరీ ఎన్నికల్లో ఓడిపోయాడు. 2017 మార్చి 30న బాత్రూం నిబంధన పోయింది. అప్పుడు మా ఆఫీసులో అందరం ఉద్యోగాల గురించే బాధపడ్డాం. నీళ్లు మానుకున్నవాళ్ల గురించి ఎవరం మాట్లాడుకున్నట్టు గుర్తులేదు.

మరి పాపల భయం అబద్ధమా? కాదు. మా అమ్మ ఇప్పటికీ బస్టాండులో టాయిలెట్‌కి వెళ్తే ఇంకొకరిని తలుపు దగ్గర నిలబడమంటుంది. ఆడవాళ్లు ఊరికే భయపడరు. భయానికి కారణం ఎవరన్నదే ప్రశ్న. ట్రాన్స్ మనుషులకి హక్కులిచ్చిన ఊళ్లనీ, ఇవ్వని ఊళ్లనీ పోల్చి మసాచుసెట్స్‌లో చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. ఆ హక్కుల వల్ల బాత్రూంలలో నేరాలు పెరిగిన ఆధారం అందులో కనబడలేదు. ఆ ఏడాది నవంబరులోనే మసాచుసెట్స్ ప్రజలు, దాదాపు 68 శాతం మంది, ట్రాన్స్ హక్కుల చట్టం ఉండాలని ఓటేశారు. 1887లో మొదటి తలుపు పెట్టిన రాష్ట్రం అదే.

కథ అక్కడ ముగిసుంటే బాగుండేది. 2021 నుంచి టెనెసీ, ఫ్లోరిడా, యూటా లాంటి రాష్ట్రాలు మళ్లీ బాత్రూం చట్టాలు చేశాయి. 2024 నవంబరులో డెలావేర్ నుంచి శారా మెక్‌బ్రైడ్ అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన తొలి ట్రాన్స్ వ్యక్తి అయింది. సుమారు రెండు వారాలకే స్పీకర్ మైక్ జాన్సన్, ఇక్కడి బాత్రూంలు పుట్టిన లింగాన్ని బట్టే అన్నాడు. ఆ ప్రతినిధుల సభలోకి మొదటి స్త్రీ వచ్చింది 1917లో. సభ పక్కనే మహిళా సభ్యులకి బాత్రూం కట్టింది 2011లో. కొత్తవాళ్లు లోపలికి రావడం ఎప్పుడూ తలుపు కంటే ముందే జరుగుతుంది.

ఇదంతా అమెరికా గొడవ అని చేతులు దులుపుకోవడానికి హైదరాబాదీగా నాకు వీల్లేదు. 1919లో, ఫసలీ 1329లో, నిజాం రాజ్యంలో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. మగపిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం మీద వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాస్తారు. అలా పేరెక్కినవాళ్లు ఆడబట్టలు, నగలు వేసుకుని వీధిలో కనబడితే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. ఇక్కడ కూడా పిల్లల పేరే. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. టాయిలెట్ల సంగతికొస్తే, ట్రాన్స్ మనుషుల్ని తమకి నచ్చిన టాయిలెట్ వాడుకోనివ్వాలని కేంద్రం స్వచ్ఛభారత్ మార్గదర్శకాల్లో 2017లోనే రాసింది. నేను గ్రౌండ్ ఫ్లోర్ అని చెప్పేనాటికి ఆ కాగితం ఉంది. నాకు తెలీదు, తెలుసుకోలేదు.

చివరికి అడ్మిన్ ఆయన దగ్గరికెళ్లి, ఆరోజు అడిగిన లేడీస్ ఎవరని అడిగా. ఆయన కాసేపు నసిగాడు. "ఎవరో అన్నారని సెక్యూరిటీ అన్నాడు సార్." మా ఫ్లోర్‌లో పనిచేసే ఆడవాళ్లని నేనే అడిగా. "మమ్మల్నెవరు అడిగారు?" అన్నారు చాలామంది. ఒకావిడ మాత్రం, "మొదట్లో నాకు కొంచెం ఇబ్బందిగానే ఉండేదండీ, దాచను. కానీ ఆమెని కిందికి పంపిస్తున్నారని నాకు తెలీదు" అంది. అందరికంటే నిజాయితీ ఆ జవాబులోనే ఉందనిపించింది. అలాంటి ఇబ్బంది గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. పేరు లేని లేడీస్ ఇబ్బంది గురించి ఎవరితో మాట్లాడతాం?

ఏ అంతస్తు కావాలని టెస్టర్‌ని కూడా అడిగాను, ఆర్నెల్లు ఆలస్యంగా. "ఏడోది సర్" అంది. పని ఉన్నది ఏడో అంతస్తులో కదా, ఇంకేం చెబుతుంది.