ప్రభుత్వ అద్దె ఇళ్లు: చరిత్ర

ప్రభుత్వమో నగరపాలక సంస్థో ఇళ్లు కట్టించి, యాజమాన్యం తన దగ్గరే ఉంచుకుని, సామాన్యులకు తక్కువ అద్దెకు ఇచ్చే ఏర్పాటు ఇది. ఫ్యాక్టరీ పనుల కోసం జనం నగరాలకు పోటెత్తిన 19వ శతాబ్దపు యూరప్‌లో దీనికి బీజం పడింది. అంతకు ముందు శతాబ్దాల్లో ఇల్లు లేని పేదలకు నీడ దొరికేది చాలావరకు మఠాలు, ధర్మదాతల దయ వల్లే.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ నగరం 1869లోనే ఈ పనికి పూనుకుంది. లండన్‌లో ఓల్డ్ నికల్ మురికివాడను తొలగించి కట్టిన బౌండరీ ఎస్టేట్ 1900లో ప్రారంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 నాటి అడిసన్ చట్టంతో ‘కౌన్సిల్ ఇళ్లు’ దేశమంతటా లేచాయి.

అయితే ఈ ఆలోచన నిండుగా రూపు దిద్దుకున్నది వియన్నాలో. యుద్ధానికి ముందు అక్కడి కార్మికుల బతుకు దుర్భరం. ఒక అంతస్తులోని కుటుంబాలన్నిటికీ నడవాలో ఒకటే కుళాయి. మరుగుదొడ్డి కూడా ఉమ్మడిదే. గది అద్దె భరించలేనివారు ఎవరింట్లోనో పడుకోవడానికి మంచం మాత్రం గంటల లెక్కన అద్దెకు తీసుకునేవారు. 1919 మేలో సోషల్ డెమోక్రాట్లు నగర ఎన్నికల్లో గెలిచి, యాకోబ్ రాయ్‌మన్ మేయరయ్యాడు. 1922లో వియన్నా ప్రత్యేక రాష్ట్రం కావడంతో సొంతంగా పన్నులు వేసుకునే అధికారం దక్కింది. ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్ దాన్ని గట్టిగా వాడాడు. 1923లో గృహనిర్మాణ పన్ను తెచ్చాడు. చిన్న వాటాలకు అది నామమాత్రం, పెద్ద భవంతులకు మోత. కార్లు, షాంపేన్, ఇంటి నౌకర్ల మీదా పన్నులు పడ్డాయి. అదే ఏడాది అయిదేళ్లలో 25,000 ఇళ్లు కట్టాలని నగరసభ తీర్మానించింది. 1934 నాటికి ఆ సంఖ్య 60,000 దాటింది. అద్దె కార్మికుడి ఆదాయంలో సుమారు 4 శాతమే.

తొలినాటి వాటాలు చాలావరకు 38 చదరపు మీటర్లవే. కానీ ప్రతి ఇంట్లో కుళాయి, మరుగుదొడ్డి, గాలీ వెలుతురూ ఉన్నాయి. కార్ల్ ఎన్ రూపకల్పన చేసి, 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ వీటన్నిటిలో ఘనమైనది. పొడవు కిలోమీటరు పైనే, ఇళ్లు 1,382. స్థలంలో అయిదో వంతులోపే కట్టడం, మిగతాదంతా ఆరుబయలు, తోటలు. స్నానశాలలు, బట్టలుతుక్కునే శాలలు, శిశువిహారాలు, గ్రంథాలయం, దంతవైద్యశాల అందులోనే. ఆనాటి వియన్నా భవనాల గోడల మీద ఎర్రటి పెద్ద అక్షరాల్లో ఇల్లు ఎవరు కట్టించారో, ఏ పన్ను డబ్బుతో కట్టారో రాసి ఉంటుంది. పన్ను కట్టిన జనానికి ఇంత స్పష్టంగా లెక్క చెప్పిన ప్రభుత్వాలు అరుదు.

1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో ఆస్ట్రియా ఛాన్సలర్ డాల్‌ఫస్ ప్రభుత్వం కార్ల్ మార్క్స్ హోఫ్ మీద ఫిరంగులు పేల్చింది. మేయర్ కార్ల్ జైట్స్‌ను నిర్బంధించింది. ఇళ్లు మాత్రం నగరం చేతిలోనే నిలిచాయి. నేడు నగరానికి సుమారు 2,20,000 ఇళ్లున్నాయి. ఒప్పందాలకు సాధారణంగా కాలపరిమితి ఉండదు.

బ్రిటన్ కథ వేరు. 1980 చట్టం అద్దెదారులకు తామున్న ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. దాదాపు 20 లక్షల ఇళ్లు అలా చేజారాయి, వాటి స్థానంలో కొత్తవి తగినన్ని రాలేదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని 33 భవనాల ప్రభుత్వ గృహ సముదాయం ప్రూయిట్-ఐగో కూల్చివేత 1972లో మొదలైంది. హాంకాంగ్‌లో 1953 నాటి షెక్ కిప్ మే అగ్నిప్రమాదం నిర్వాసితుల కోసం ప్రభుత్వం ఇళ్లు కట్టక తప్పని స్థితి తెచ్చింది.

సింగపూర్‌లో గృహాభివృద్ధి మండలి 1960లో ఏర్పడింది. మరుసటి ఏడాది బుకిత్ హో స్వీ మంటల్లో సుమారు 16,000 మంది నిలువ నీడ కోల్పోతే మండలి వారికి శరవేగంగా ఫ్లాట్లు కట్టింది. 1964 నుంచి మండలి తన ఫ్లాట్లను 99 ఏళ్ల లీజుకు అమ్ముతోంది. 1968లో భవిష్యనిధి సొమ్ము వాడుకునే వీలు కలగడంతో జీతగాళ్లకు కొనడం తేలికైంది. సుమారు 80 శాతం జనం ఈ ఇళ్లలోనే ఉన్నారు. 1989 నుంచి ప్రతి బ్లాకులో జాతుల వారీ పరిమితి ఉంది. అక్కడి తెలుగు కుటుంబాలు భారతీయుల కోటా కిందికి వస్తాయి.

తెలుగునాట పేదల ఇళ్లు మరో దారి పట్టాయి. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ కట్టించిన ఇళ్లయినా, తెలంగాణ డబుల్ బెడ్రూం ఇళ్లయినా లబ్ధిదారులకు సొంతానికి ఇచ్చినవే. ప్రభుత్వమే యజమానిగా మిగిలినవి ఎక్కువగా రైల్వే కాలనీలు, సింగరేణి, ఉక్కునగరం లాంటి చోట్ల ఉద్యోగుల క్వార్టర్లు. ఉద్యోగ విరమణ తరువాత వాటిని ఖాళీ చేయాల్సిందే.